ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ కారు పనికొస్తుందా? జయపురం మాస్టారికి నా జవాబు

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ. ఒడిశా జయపురంలో సొంత ఇల్లు, గేటు లోపల కారు పెట్టుకునే చోటు ఉన్నాయి. స్కూలుకి రోజూ రానూపోనూ యాభై కిలోమీటర్లు. నెలకోసారి అమ్మగారిని చెకప్‌కి విశాఖ తీసుకెళ్లాలి. పదిహేను లక్షల లోపు కారు కొనాలి. పెట్రోలా, ఎలక్ట్రిక్కా? ఎలక్ట్రిక్ అయితే విశాఖ దారిలోని సాలూరు ఘాట్‌లో మధ్యలో ఆగిపోతుందని స్టాఫ్ రూమ్‌లో అందరూ భయపెడుతున్నారు.

మీ అవసరానికి ఎలక్ట్రిక్కే కొనండి. కాకపోతే బ్యాటరీ 38 కిలోవాట్ అవర్లకు, అంటే 38 యూనిట్లకు తగ్గకూడదు. బుక్ చేసే ముందు ఇంట్లో ఎర్తింగ్ సరిచేయించాలి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా పెట్రోల్ కారే తీసుకోండి, మళ్లీ ఆలోచించక్కర్లేదు.

నాది జయపురంలో గ్యారేజీ. విశాఖ ఆసుపత్రులకీ, ఎయిర్‌పోర్టుకీ తిరిగే ట్యాక్సీలు కూడా ఉన్నాయి. వాటిలో పెట్రోల్ బళ్లున్నాయి, ఒక ఎలక్ట్రిక్ ఉంది. రెండు రకాలూ నా చేతుల మీదుగానే రిపేరు అవుతాయి కాబట్టి ఏదో ఒకదాన్ని వెనకేసుకురావలసిన పని నాకు లేదు. నిజం చెప్పాలంటే పెట్రోల్ బళ్లు ఉంటేనే నా గ్యారేజీకి పని ఎక్కువ.

ముందు ఘాట్ సంగతి, మీ భయం అక్కడే కదా.

సాలూరు సముద్రమట్టానికి వంద మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. కోరాపుట్ 870 మీటర్ల దగ్గర ఉంది. అంటే కింది నుంచి పైకి వచ్చేటప్పుడు కారు ఏడొందల యాభై మీటర్లు ఎక్కాలి. కారు, నలుగురు మనుషులు, సామాను అన్నీ కలిపి 1,800 కిలోలు అనుకోండి. అంత బరువును అంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి లెక్కకట్టి చూస్తే నాలుగు యూనిట్లు కూడా కాదు. మోటారులో, గేరులో పోయేది కలుపుకుని నాలుగున్నర వేసుకోండి. 45 యూనిట్ల బ్యాటరీలో అది పదో వంతు. మామూలుగా ఆ దూరం నడవడానికి అయ్యేది ఎలాగూ అవుతుంది, ఘాట్ వల్ల అదనంగా పడే భారం మాత్రం ఇంతే. మీటరు మీద శాతం గబగబా పడిపోతుంటే కొత్తవాళ్లకి గుండె జారిపోతుంది. పైకి చేరి రోడ్డు చదును అయ్యాక ఆ పడిపోవడం ఆగుతుంది.

దిగేటప్పుడు సంగతి వేరు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మోటారే డైనమోలా పనిచేసి బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది. ఎక్కడానికి పెట్టినదాంట్లో సగానికి కొంచెం పైగానే వెనక్కి వస్తుంది. బ్రేకు మీద కాలు పెట్టే అవసరం చాలా తగ్గుతుంది. ఘాట్‌లో సుంకి దగ్గర టీ కొట్టు ముందు ఆగిన పెట్రోల్ బళ్ల చక్రాల దగ్గర కాలిన బ్రేకుల వాసన ఎన్నిసార్లు వచ్చిందో మీకూ తెలిసే ఉంటుంది. సగం మంది డ్రైవర్లు పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించేస్తారు. చెప్పినా వినరు. నా దగ్గర ఎలక్ట్రిక్ బండికి బ్రేక్ ప్యాడ్లు మార్చడం చాలా అరుదు, అదే రూట్లో తిరిగే పెట్రోల్ బండికి తరచూ మారుస్తుంటాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉంటే దిగేటప్పుడు వచ్చే కరెంటు పట్టడానికి లోపల చోటు ఉండదు. అప్పుడు ఆ మోటారు బ్రేకింగ్ బలహీనపడుతుంది, మామూలు బ్రేకులే దిక్కు. మీరు జయపురం నుంచి బయలుదేరి ముందు కోరాపుట్ వైపు ఎక్కుతారు, అప్పటికే కొంత బ్యాటరీ ఖర్చవుతుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కొండ మీది కోరాపుట్, పొట్టంగి వాళ్లయితే తొంభై శాతం దగ్గర చార్జింగ్ ఆపి బయలుదేరడం మంచిది. మా కస్టమర్ ఒకాయన పొట్టంగిలో నూరు శాతం నింపుకుని దిగుతూ, మొదటి నాలుగు మలుపుల్లో కారు పట్టు ఇవ్వట్లేదని కంగారుపడి ఫోన్ చేశాడు. కారులో లోపం ఏమీ లేదు.

ఎత్తు మీద పెట్రోల్ ఇంజనుకి గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజనయితే కోరాపుట్ ఎత్తులో పికప్ ఎనిమిది, తొమ్మిది శాతం తగ్గుతుంది. ఫుల్ లోడుతో, ఏసీ వేసుకుని లారీని దాటాలంటే సెకండ్ గేరులో ఇంజను అరిచి గోల చేస్తుంది. మోటారుకి గాలితో పని లేదు, కాబట్టి ఆ బాధ దానికి లేదు. ఘాట్‌లో నడిపే సుఖం అడిగితే ఎలక్ట్రిక్‌కి ఎదురు లేదు.

ఇక డబ్బు సంగతి.

మీ స్కూలు పనిదినాలు, విశాఖ ఒక ట్రిప్, ఊళ్లో తిరుగుడు కలిపి నెలకు 1,800 కిలోమీటర్లు వేసుకున్నాను. పెట్రోల్ మన వైపు లీటరు వంద దాటి ఉంది. మల్కనగిరి వైపు దూరం నుంచి ట్యాంకర్లు రావాలి కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళితే ఇంకా ఎక్కువ, అందుకేగా అటు వైపు బళ్లు మన బంకుల్లో ట్యాంకు నింపుకుని పోతాయి. ఏసీతో, ఘాట్‌తో కలిపి పెట్రోల్ కారు లీటరుకి 16 ఇస్తే గొప్ప. 112 లీటర్లు, సుమారు 11,500 రూపాయలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దానికోసం ట్యూన్ చేయని పాత కార్లలో మైలేజ్ ఇంకొంచెం తగ్గుతుంది, కొత్త కార్లకి ఆ బెంగ అక్కర్లేదు.

ఎలక్ట్రిక్ కారు గోడ దగ్గర తీసుకున్న యూనిట్‌కి, చార్జింగ్‌లో పోయే పది, పదిహేను శాతం తీసేసి చూసుకుంటే, ఆరు కిలోమీటర్లకు కాస్త పైన నడుస్తుంది. మీ ఇంటి వాడకానికి ఇది తోడైతే బిల్లు పై శ్లాబులకి పోతుంది కాబట్టి యూనిట్ ఆరు రూపాయల చుట్టూ లెక్క వేయాలి, మూడు రూపాయల శ్లాబు చూసి మురిసిపోకండి. ఇంట్లో చార్జ్ చేసే 1,500 కిలోమీటర్లకు 240 యూనిట్లు, 1,450 రూపాయలు. విశాఖ ట్రిప్‌లో బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర ఓ ముప్పై, నలభై యూనిట్లు పట్టించాలి. అక్కడ యూనిట్ ఇరవై, ఒక్కోచోట పాతిక పడుతుంది. అంతా కలిపినా రెండు వేల పైచిలుకు. నెలకు తొమ్మిది వేలు మిగులు, ఏడాదికి లక్ష దాటుతుంది.

కొనేటప్పుడు తేడా ఎంత? 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకు ముందు 28 శాతం, పైన సెస్సు. ఎలక్ట్రిక్ మీద అప్పుడూ ఇప్పుడూ 5 శాతమే. అంటే పన్నులో ఎలక్ట్రిక్‌కి ఉన్న లాభం కొంత కరిగింది. అదే సైజు పెట్రోల్ కారుతో పోలిస్తే మీకు రెండున్నర నుంచి మూడు లక్షలు ఎక్కువ పడుతుంది. మీ తిరుగుడుకి మూడేళ్లలోపు అది వచ్చేస్తుంది. నెలకు ఐదొందల కిలోమీటర్లే తిరిగే రిటైర్డ్ ఆయన ఎవరైనా ఇదే అడిగితే నేను పెట్రోలే అంటాను. ఆయనకు ఏడాదికి ముప్పై వేలు మిగిలితే ఎక్కువ, ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. కారు ఎంత ఎక్కువ తిరిగితే ఎలక్ట్రిక్ అంత చవక, ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంటే దండగ.

ఒడిశా 2021 ఎలక్ట్రిక్ వాహన విధానం కింద రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపులు ఇచ్చారు. ఇలాంటివి గడువులతో మారుతుంటాయి, బుక్ చేసే వారంలోనే ఆర్టీవో ఆఫీసులో అడిగి కొటేషన్ మీద రాయించుకోండి. షోరూమ్ సేల్స్ కుర్రాడి నోటిమాట మీద లెక్క వేసుకోవద్దు. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం ఎలక్ట్రిక్‌కి 15 శాతం తక్కువ. కానీ కారు ఖరీదు ఎక్కువ కాబట్టి మొత్తం ప్రీమియం తగ్గదు.

మీ బావమరిది గారు విజయనగరంలో కొని ఏపీ నంబరు వేయించమన్నారని రాశారు. కొనడం ఎక్కడైనా కొనండి, నంబరు మాత్రం మన కోరాపుట్ జిల్లా ఓడీ-10 వేయించుకోండి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలు దాటి ఇక్కడ తిప్పితే మళ్లీ రిజిస్ట్రేషన్, ఎన్ఓసీ, ట్యాక్స్ అంటూ తిరగాలి. స్కూలు సెలవులన్నీ దానికే సరిపోతాయి.

ఇప్పుడు అసలు విషయం, కరెంటు. నా దగ్గరికి వచ్చే ఎలక్ట్రిక్ కారు ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కారువి కావు, ఇంటి వైరింగ్‌వి. కారుతో వచ్చే మామూలు చార్జర్ 15 ఆంపియర్ల ప్లగ్ మీద దాదాపు 3.3 కిలోవాట్లు లాగుతుంది, అదీ గంటల తరబడి ఆగకుండా. గీజరు పదిహేను నిమిషాల్లో ఆగిపోతుంది, ఇది ఆగదు. పాత ఇంట్లో సన్నటి వైరు, వదులైన ప్లగ్ ఉంటే అక్కడే వేడెక్కి కరిగిపోతుంది. మీటరు బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ విడిగా, షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్ వేయించండి. మీ బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్, అంటే ఇంటికి అనుమతించిన కరెంటు లోడు ఎంతో చూడండి. రెండు కిలోవాట్లే ఉంటే మన కరెంటు కంపెనీ టీపీఎస్ఓడీఎల్‌కి లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. మనది రాతి నేల, ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే. ఫ్యాను, ఫ్రిజ్ ఏమీ అనవు, ఎలక్ట్రిక్ కారు మాత్రం ఎర్త్ సరిగ్గా లేకపోతే చార్జింగే తీసుకోదు. ఎర్రలైటు వేసి కూర్చుంటుంది. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఇవే ఫోన్లు. ఒకాయన చార్జర్ పాడైందని కొత్తది కొనబోతుంటే ఆపి, ఎలక్ట్రీషియన్ని పంపి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించాను. కొత్త గుంత తీసి లోతుగా రాడ్ దింపాక అదే చార్జర్ బ్రహ్మాండంగా పనిచేసింది. మా దగ్గర కొందరు చార్జర్‌ని మోసం చేయడానికి ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేస్తారు. ప్రాణం మీదికి వచ్చే పని అది, ఎలక్ట్రీషియన్ చేస్తానన్నా చేయనివ్వకండి. న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీ అంతా కరెంటే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే రాత్రి రెండున్నర, మూడు గంటల చార్జింగ్‌తో మీ స్కూలు ప్రయాణం గడిచిపోతుంది. రోజూ వందకు నింపక్కర్లేదు. బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే కంపెనీ చెప్పినట్టు అప్పుడప్పుడూ వంద చేయాలి, లేకపోతే శాతం చూపించడంలో తేడా వస్తుంది.

విశాఖ దారి రెండొందల ఇరవై కిలోమీటర్ల చుట్టూ. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న టియాగో ఈవీ లాంటి చిన్న కారు స్కూలుకి చక్కగా సరిపోతుంది, కానీ ఒక్క చార్జ్‌తో విశాఖ చేరుతుందని నమ్మకం పెట్టుకోలేం. కాగితం మీద రాసే రేంజిలో అరవై ఐదు, డెబ్బై శాతమే రోడ్డు మీద వస్తుందని లెక్కేసుకోండి. 45 యూనిట్ల నెక్సాన్ ఈవీ, 38 యూనిట్ల విండ్సర్ అయితే వెళ్లేటప్పుడు దిగుడు కలిసొస్తుంది కాబట్టి ఆగకుండా పోవచ్చు. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు ఉంది, కాబట్టి విశాఖలో అమ్మగారు డాక్టర్ దగ్గర ఉన్నంతసేపట్లో చార్జింగ్ పెట్టేయండి. అక్కడ వీలుపడకపోతే విజయనగరంలో. సాలూరు వదిలేటప్పుడు యాభై శాతానికి తక్కువ ఉండకూడదని నా డ్రైవర్లకి నియమం పెట్టాను. కొండ మీద చార్జర్లు తక్కువ, ఉన్నవాటిలో కూడా యాప్‌లో పనిచేస్తున్నట్టు చూపించి దగ్గరికి వెళితే కరెంటు లేని రోజులుంటాయి. కాబట్టి చేతిలో ఎప్పుడూ రెండో చార్జర్ పేరు ఉండాలి.

డిసెంబరు, జనవరిలో మన చలి తెలుసు కదా. పెట్రోల్ కారులో హీటరు ఇంజను వేడితో ఊరికే వస్తుంది, ఎలక్ట్రిక్‌లో బ్యాటరీ నుంచి తీసుకోవాలి. తెల్లవారుజామున మంచులో బయలుదేరితే రేంజి కొంత తగ్గుతుంది. అమ్మగారికి శాలువా కప్పండి చాలు.

పెట్రోల్ కారుని తీసిపారేస్తున్నానని అనుకోకండి. ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. నారాయణపట్నలో ఆగిపోయినా చూడగలిగే మెకానిక్ ఎవరో ఒకరు దొరుకుతారు. రీసేల్‌కి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. ఎలక్ట్రిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు ముందు బ్యాటరీ గురించే బేరమాడతాడు. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, ఆ తర్వాత మార్చాలంటే కారు ధరలో పెద్ద భాగం పోతుంది. మీరు నాలుగేళ్లకోసారి కారు మార్చే మనిషైతే ఈ లెక్క మీకు గట్టిగా తగులుతుంది. పది పన్నెండేళ్లు వాడేవాళ్లకి అంత పట్టింపు లేదు.

సర్వీసు మాటకొస్తే ఎలక్ట్రిక్‌లో ఇంజన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ ఏవీ ఉండవు. ఘాట్ డ్యూటీలో క్లచ్ ఎంత త్వరగా పోతుందో ట్యాక్సీ వాళ్లని అడగండి. కానీ పెద్ద రిపేరు వస్తే నాలాంటివాడి చేతిలో ఉండదు, హై వోల్టేజ్ పని కంపెనీ ట్రైనింగ్ ఉన్నవాళ్లే చేయాలి. అందుకని మీరు కొనబోయే బ్రాండ్‌కి ఎలక్ట్రిక్ పని చేసే సర్వీసు సెంటర్ ఎక్కడుందో ముందు కనుక్కోండి. జయపురంలో షోరూమ్ ఉన్నంత మాత్రాన ఆ పని అక్కడ జరుగుతుందని కాదు. కారు విశాఖకి ట్రక్కు మీద పంపాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో వారంటీ కాగితంలో చదవండి.

చిన్న సంగతి ఒకటి. ఎలక్ట్రిక్ కారులో కూడా మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండా కరెంటు ఉన్నా కారు కదలదు. వేసవి సెలవుల్లో నెల రోజులు కదపకుండా వదిలేసి వెళ్లినవాళ్లు నన్ను పిలిచేది ఎక్కువగా దీనికే.

ఇంకొకటి, కారు అడుగు. బ్యాటరీ అడుగునే ఉంటుంది. ఊళ్లలోకి పోయే మట్టిరోడ్ల మీద రాయి తగిలి బ్యాటరీ కవచం సొట్టపడితే ఇన్సూరెన్స్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ కవర్ లేనివాడి పని అంతే. కవర్ తీసుకోండి, అక్కడ పిసినారితనం వద్దు.

తుఫాన్లు వస్తే కరెంటు పోతుంది కదా అని మీ ప్రశ్న కింద ఒకరు అడిగారు. పర్లాకిమిడి, కాశీనగర్ వైపు వాళ్లకి ఇది న్యాయమైన భయమే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లా పడిన కష్టం అందరికీ తెలుసు. హెచ్చరిక రాగానే ఫుల్ చార్జ్ చేసి పెట్టుకుంటే ఊళ్లో తిరగడానికి చాలా రోజులు వస్తుంది. కొన్ని మోడళ్లలో కారు నుంచి ఇంటికి కరెంటు తీసుకునే వీలు కూడా ఉంది, ఫ్రిజ్, లైట్లు, ఫోన్లు నడుస్తాయి. అయినా ఆ ఇంట్లో రెండు బళ్లుంటే ఒకటి పెట్రోల్ ఉండాలనే నా సలహా. స్కూటరైనా సరే.

కాలుష్యం గురించి మీరు అడగలేదు కాబట్టి ఒక్క మాటే. పక్కనే మాచ్‌ఖండ్, బలిమెల, అప్పర్ కొలాబ్ ఉన్నాయి కదా, మనది నీళ్ల కరెంటు అని కొందరు అంటారు. గ్రిడ్ అంతా ఒకటే, అందులో బొగ్గు కరెంటే ఎక్కువ. ఎలక్ట్రిక్ కారు వల్ల మీ స్కూలు గేటు దగ్గర పొగ ఉండదు, అంతవరకు ఖాయం. ఇంటి మీద సోలార్ పెట్టుకునే ఆలోచన ఉంటే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ ఉంది, కారుతో కలిపి ఆలోచించండి.

చివరగా, ఇంకో ఏడాది ఆగితే ధరలు తగ్గుతాయేమో అన్నారు. తగ్గొచ్చు. కానీ ఆగే ప్రతి నెలా మీ పాత కారు పెట్రోల్‌కి తొమ్మిది వేలు అదనంగా పోస్తూనే ఉంటారు, అది కూడా ఆ లెక్కలో వేసుకోండి. నేనయితే ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ కొలిపిస్తాను, లోడ్ దరఖాస్తు పెడతాను. ఆ పనులయ్యేలోపు రెండు, మూడు మోడళ్లు టెస్ట్ డ్రైవ్ తీసుకోండి. షోరూమ్ చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చేయడం కాదు, అమ్మగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి కోరాపుట్ దాకా ఎక్కి దిగండి. కొన్ని కార్లలో బ్యాటరీ కింద ఉండటం వల్ల వెనక సీటు నేల ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకి లేస్తాయి, పెద్దవాళ్లకి నాలుగైదు గంటలు అలా కూర్చోవడం కష్టం. మీటరు బిల్లు మీది శాంక్షన్డ్ లోడ్, ఎర్త్ రీడింగ్ ఇక్కడే రాయండి, ఏ వైరు వేయాలో చెబుతాను.